ఏబీఎస్ ఉన్న కారుకు ఇంట్లో బ్రేక్ ఆయిల్ మార్చుకోవచ్చా?

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. 2019 మోడల్ చిన్న కారు, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ (సడన్ బ్రేక్‌లో చక్రాలు లాక్ కాకుండా చూసేది) ఉంది. మొన్న పిల్లలతో కుంటాల జలపాతం చూసి వస్తుంటే మహబూబ్ ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ పెడల్ ఒక్కసారిగా మెత్తబడి కిందికి దిగిపోయింది. గబగబా రెండు మూడు సార్లు తొక్కితే బండి ఆగింది. పక్కకు పెట్టి అరగంట కూర్చున్నాక పెడల్ మళ్లీ మామూలుగానే ఉంది. నిర్మల్ దాటి ఇంటిదాకా ఏ ఇబ్బందీ రాలేదు. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియదు, డబ్బాలో చూస్తే నల్లగా ఉంది. ఒక మెకానిక్ 'ఇది ఏబీఎస్ బండి, కంప్యూటర్ పెట్టకుండా గాలి తీస్తే యూనిటే పోతది' అన్నాడు. ఇంకొకాయన 'అదేం లేదు, మామూలు బండి లెక్కనే తీయాలె' అన్నాడు. నాకు బైక్ పనులు బాగానే వచ్చు. మా బామ్మర్ది సాయం ఉంటాడు. వాడేమో డాట్ 5 పోద్దాం, నంబర్ పెద్దదైతే మంచిది అంటున్నాడు. ఇంట్లో చేసుకోవచ్చా? ఎవరి మాట నమ్మాలి?

సమాధానం: చేసుకోవచ్చు, ఒక షరతు మీద. పని మొదలుపెట్టినప్పటి నుంచి ముగిసేదాకా బానెట్ కింద ఉన్న బ్రేక్ ఆయిల్ డబ్బా ఒక్కసారి కూడా ఖాళీ కాకూడదు. ఆ షరతు నిలిచినంతసేపు మీ రెండో మెకానిక్ చెప్పింది నిజం, మామూలు బండి లెక్కనే గాలి తీయొచ్చు, అంటే పెడల్ తొక్కుతూ పాత ఆయిల్‌ను, గాలిని చక్రాల దగ్గర బయటికి వదలొచ్చు. డబ్బా అడుగంటి పైపుల్లోకి గాలి పోయిందంటే మొదటాయన చెప్పిన కంప్యూటర్, అంటే స్కానర్, అవసరం పడుతుంది. అప్పుడు కూడా యూనిట్ పాడైపోదు గానీ, అందులో చిక్కిన గాలి మీ చేతికి రాదు. అంతే తేడా.

ముందు ఘాట్‌లో జరిగిన సంగతి చూద్దాం, ఎందుకంటే 'ఇంటిదాకా ఏ ఇబ్బందీ రాలేదు' అన్న మీ మాటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. రబ్బరు గొట్టాల గుండా, డబ్బా మూత దగ్గర నుంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నీరు చేరుతూనే ఉంటుంది. కొత్త డాట్ 4 (డాట్ నంబర్ అంటే బ్రేక్ ఆయిల్ గ్రేడు) ఆయిల్ 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు కలిసిందనుకోండి, ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. కారు నిండా మనుషులు, డిక్కీలో సామాన్లు, కింది దాకా బ్రేక్ మీద కాలు వేసే ఉంచి ఘాట్ దిగడం. డిస్కుకు, ప్యాడ్లకు పుట్టిన వేడి పిస్టన్ మీదుగా ఆయిల్‌కు చేరి, ఆయిల్ అక్కడికక్కడే మరిగి ఆవిరి బుడగలు లేచాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. మీరు తొక్కిన బలమంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోయింది. అరగంటకు చల్లారి ఆవిరి తిరిగి ద్రవమైంది, పెడల్ గట్టిపడింది. రోగం మాత్రం అలాగే ఉంది. మళ్లీ అంత వేడెక్కిన రోజున మళ్లీ అదే జరుగుతుంది. ఆయిల్ మార్చేదాకా ఊళ్లో నెమ్మదిగా తిప్పుకుంటే తిప్పుకోండి గానీ, ఘాట్ల వైపు, నిండు లోడుతో హైవే మీదికి వెళ్లకండి.

పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి మాత్రం ఆగకపోతే అది వేరే సంగతి, ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పాయన్నమాట. మీరు పెడల్ మెత్తబడిందని స్పష్టంగా రాశారు కాబట్టి నా అనుమానం ఆయిల్ మీదే. అయినా అనుమానంతో పానా పట్టకూడదు. ముందు ఇంటి ముందే కొన్ని పరీక్షలు చేయండి.

బండి నిలిపి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, పెడల్‌ను ఒకే బలంతో ఒక నిమిషం పాటు తొక్కి పట్టండి. కాలి కింద అది మెల్లమెల్లగా నేల వైపు జారుతూ ఉంటే ఎక్కడో లీకు ఉంది, లేదా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి తోసేది) లోపలి సీల్ పోయింది. అప్పుడు ఆయిల్ మార్చి లాభం లేదు, ముందు దాని సంగతి చూడాలి. నాలుగు చక్రాల లోపలి వైపు చేయి పెట్టి తడి తగులుతోందా చూడండి. వెనక డ్రమ్ లోపల బ్రేక్ షూలను తోసే వీల్ సిలిండర్ కారుతుంటే డ్రమ్ వెనక పళ్లెం అంచున జిడ్డు తడి కనిపిస్తుంది. మాస్టర్ సిలిండర్ బూస్టర్‌కు (మీ కాలి బలాన్ని పెంచే పరికరానికి) బిగించి ఉన్న చోట కింది భాగాన్ని కూడా వేలితో తడమండి. ఎక్కడ తడి ఉన్నా ఇది ఇంటి పని కాదు, ఆపేయండి.

మొదటిసారి తొక్కితే పెడల్ బాగా కిందికి వెళ్లి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే గట్టిగా ఆగుతోందా? అది గాలి కావచ్చు. వెనక డ్రమ్ములో షూలు అరిగి సందు పెరగడం కూడా కావచ్చు. చాలామంది ఈ రెండో కారణం మరచిపోయి, లేని గాలి కోసం లీటర్ల కొద్దీ ఆయిల్ పారబోస్తారు. మీ బండికి వెనక డ్రమ్ములే కాబట్టి షూల అడ్జస్ట్‌మెంట్ ముందే చూపించుకోండి.

డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఏబీఎస్ లైటు తాళం తిప్పగానే వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అది ఆరకుండా నిలిచిపోతే చాలాసార్లు చక్రం దగ్గరి సెన్సర్‌దో, దాని వైరుదో తప్పు. బ్రేకుల్లో గాలి తీస్తే ఆ లైటు ఆరదు. ఎర్ర బ్రేక్ లైటు, పసుపు లైటు రెండూ కలిసి వెలుగుతుంటే బండిని కదల్చకుండా షాపుకు ఫోన్ చేయండి.

ఇక అసలు గొడవ, ఏబీఎస్. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కార్లన్నింటికీ ఇది తప్పనిసరి అయింది కాబట్టి ఈ ప్రశ్న ఇప్పుడు మీ ఒక్కరిదే కాదు. మాస్టర్ సిలిండర్ నుంచి వచ్చే పైపులు చక్రాలకు నేరుగా పోకుండా మధ్యలో ఒక అల్యూమినియం దిమ్మ గుండా పోతాయి. అదే ఏబీఎస్ యూనిట్. అందులో ఒక్కో చక్రానికి సాధారణంగా రెండు వాల్వులు ఉంటాయి. ఒకటి ఎప్పుడూ తెరిచి ఉంటుంది, మామూలు బ్రేకింగ్‌లో ఆయిల్ దాని గుండానే చక్రానికి వెళ్తుంది. రెండోది ఎప్పుడూ మూసి ఉంటుంది. చక్రం లాక్ అయ్యేలా ఉందని కంప్యూటర్ గ్రహించినప్పుడు మాత్రమే అది తెరుచుకుని, ఆ చక్రం దగ్గరి ఒత్తిడిని పక్కనున్న చిన్న గదిలోకి వదులుతుంది. అక్కడి నుంచి పంపు ఆ ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది. సడన్ బ్రేక్ కొట్టినప్పుడు కాలికి తగిలే దడదడ దీనిదే.

చెరువు తూము మూసి ఉన్నప్పుడు చెరువులోకి ఎంత వరద వచ్చినా ఆ కాలువలో పాత నీళ్లు కదలవు కదా, మీరు పెడల్ తొక్కి గాలి తీసేటప్పుడు ఆ మూసిన వాల్వు అవతలి భాగం కూడా అలాగే ఉంటుంది. కొత్త ఆయిల్ తెరిచి ఉన్న దారిలో చక్రానికి పోతుంది, పక్క గదిలోది పక్క గదిలోనే ఉండిపోతుంది. అక్కడ మిగిలేది కొద్దిపాటి పాత ఆయిల్ మాత్రమే అయితే పెద్ద నష్టమేమీ లేదు. గాలి గనక అక్కడ చేరి ఉంటే, ఏదో ఒక వానరోజు ఏబీఎస్ పనిచేసి ఆ తూము తెరుచుకున్నప్పుడు అది ప్రధాన దారిలోకి వస్తుంది, పెడల్ మెత్తబడుతుంది. సరిగ్గా బ్రేక్ కావలసిన సమయంలో. అందుకే డబ్బా ఖాళీ కాకూడదని పైన అంత గట్టిగా రాశాను. యూనిట్‌ను గానీ మాస్టర్ సిలిండర్‌ను గానీ విప్పి మార్చినా ఇదే పరిస్థితి. అప్పుడు స్కానర్ పెట్టి ఆ వాల్వులను, పంపును పనిచేయిస్తూ గాలి తీయాలి.

మీ బామ్మర్ది సలహా మాత్రం వద్దు. డాట్ 5 సిలికాన్‌తో చేసేది. డాట్ 3, డాట్ 4 వేరే జాతి రసాయనం, వాటిలో సిలికాన్ కలవదు. పైగా అందులో సన్నని గాలి బుడగలు తొందరగా వదలవు కాబట్టి ఏబీఎస్ ఉన్న బండికి అది అసలు పనికిరాదు. డాట్ 5.1 అని ఇంకొకటి ఉంది. నంబర్ దగ్గరగా కనిపించినా అది డాట్ 4 జాతిదే. మీకు ఆ గోల అక్కర్లేదు. డబ్బా మూత మీద ఏది రాసి ఉంటే అది కొనండి. సీలు ఉన్న సీసాలే తీసుకోండి, మొత్తం ఒక లీటరు సరిపోతుంది. షాపులో మూత తీసి ఉంచిన డబ్బాలోంచి విడిగా పోసిచ్చేది వద్దు. అది అప్పటికే తేమ పీల్చుకుని ఉంటుంది. మీ దగ్గర మిగిలింది కూడా వచ్చే ఏడాదికి దాచకండి.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, బైక్ పని చేసేవారికి తెలిసినవే. నిపిల్‌కు (ప్రతి చక్రం దగ్గర ఆయిల్‌ను, గాలిని బయటికి వదిలే చిన్న స్క్రూకు) సరిపోయే రింగ్ పానా, చాలా బండ్లకు 8 లేదా 10 నంబర్. ఓపెన్ పానా వాడితే నిపిల్ మూలలు అరిగిపోతాయి. నిపిల్‌కు బిగువుగా పట్టే పారదర్శక పైపు, చేపల తొట్టికి వాడేదైనా చాలు. ఒక ఖాళీ సీసా, పెద్ద సిరంజి, బనియన్ గుడ్డలు, ఒక బకెట్ నీళ్లు. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ను తినేస్తుంది. ఫెండర్ మీద చుక్క పడితే గుడ్డతో రుద్దకుండా వెంటనే నీళ్లు పోయండి. కళ్లజోడు, చేతి తొడుగులు వేసుకోండి.

జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి తల పెట్టకండి. గట్టి సిమెంటు నేల మీద, చదునుగా ఉన్న చోట, స్టాండ్ల మీద బండిని దించండి. వాకిట్లో మట్టి నేల అయితే ఈ పని అక్కడ వద్దు. స్టాండ్లు లేవని ఇటుకలు పేర్చే అలవాటు మన దగ్గర చాలా ఉంది, ఇటుక చెప్పకుండా పగులుతుంది. నేల మీద ఉన్న చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టండి.

ముందు రోజు రాత్రే నాలుగు నిపిల్స్ దగ్గర మట్టి బ్రష్‌తో తీసి, తుప్పు వదిలించే స్ప్రే నిపిల్ మొదట్లో మాత్రమే కొట్టి ఉంచండి. వానాకాలం మన రోడ్ల బురద వెనక డ్రమ్ముల లోపలి వైపు పేరుకుని అక్కడి నిపిల్స్ తుప్పుకు బిగుసుకుపోతాయి. రబ్బరు టోపీ ఊడిపోయి ఉంటే నిపిల్ రంధ్రంలోనూ మట్టి ఉంటుంది, సన్నని తీగతో తీయాలి. విప్పేటప్పుడు ఒక్కసారిగా బలం పెట్టకుండా, ముందు వెంట్రుకవాసి బిగించే వైపు కదిపి, ఆ తర్వాత వదులు చేయండి. చిన్న సుత్తితో పక్కన మెల్లగా తట్టినా మేలే. నాలుగూ కదులుతున్నాయని ముందే నిర్ధారించుకోండి. ఒక్కటి మొండికేసినా ఆ రోజు పని మొదలుపెట్టకండి, నిపిల్ విరిగితే వెనక వీల్ సిలిండరో, ముందు డిస్కును ప్యాడ్లతో నొక్కే క్యాలిపరో మార్చాల్సి వస్తుంది.

ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో పెట్టుకోండి. పెడల్‌ను అది గట్టిపడేదాకా కొన్నిసార్లు తొక్కితే బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ పోతుంది. డబ్బా మూత చుట్టూ శుభ్రంగా తుడిచి తీయండి. సిరంజితో నల్ల ఆయిల్‌ను పైపైన లాగేయండి, అడుగున కొంత వదిలేయండి. లోపల జల్లెడ ఉంటే పీకకండి. కొత్తది మ్యాక్స్ గీత దాకా పోసి, మూత బిగించకుండా పైన ఆనించండి. ఇంజన్ ఆయిల్, డీజిల్, పెట్రోల్ అంటిన గరాటాను డబ్బా దగ్గరికి రానివ్వకండి. ఆ నూనెల చుక్క పడినా బ్రేక్ సీళ్ల రబ్బరు ఉబ్బి, మొత్తం సిస్టమ్ పాడవుతుంది.

ఏ చక్రంతో మొదలుపెట్టాలి? మీ బండి మాన్యువల్‌లో వరస రాసి ఉంటే అదే ఖాయం. లేకపోతే మాస్టర్ సిలిండర్‌కు ఎక్కువ దూరంలో ఉన్న చక్రం నుంచి దగ్గరికి రావాలి. అమెరికా వీడియోల్లో వెనక కుడి చక్రం ముందు అంటారు, వాళ్ల స్టీరింగ్ ఎడమ వైపు ఉంటుంది కాబట్టి. మనకు స్టీరింగ్ కుడి వైపు, కాబట్టి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి.

బామ్మర్దిని సీట్లో కూర్చోబెట్టి ముందే మాట అనుకోండి, ఎందుకంటే ఈ పనిలో సగం తప్పులు మాటల దగ్గరే జరుగుతాయి. మీరు 'తొక్కు' అంటే అతను మెల్లగా తొక్కి 'పట్టిన' అనాలి. ఆ మాట విన్నాకే మీరు నిపిల్‌ను పావు చుట్టు వదులు చేస్తారు. అతని కాలి కింద పెడల్ దిగిపోతుంది, దిగినా కాలు తీయకూడదు. మీరు నిపిల్ బిగించి 'వదులు' అన్నాకే పైకి తీయాలి. నిపిల్ తెరిచి ఉండగా పెడల్ పైకి లేస్తే పైపులోంచో, నిపిల్ స్క్రూ మరల సందుల్లోంచో గాలి వెనక్కి లాగుతుంది. 'వదలాల్నా?' అని అతను అడిగితే సీదాగా 'వద్దు' అనండి, 'ఆఁ' అని ఊకొట్టకండి. 'ఆఁ' విని కాలు తీసేస్తాడు.

ఇంకో జాగ్రత్త. పాత బండ్లలో పెడల్‌ను నేలకు తగిలేదాకా తొక్కితే, మాస్టర్ సిలిండర్ లోపల ఏళ్లుగా సీలు తిరగని భాగం, తుప్పో గారో పట్టిన చోట, రాసుకుని సీల్ చిరుగుతుంది. ఆయిల్ మార్చిన మర్నాడే మాస్టర్ సిలిండర్ పోయిందని బాధపడేవాళ్లలో చాలామంది కథ ఇదే. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టండి, సగానికి పైగా దిగి అక్కడ ఆగిపోవాలి.

పైపు ఒక కొస నిపిల్‌కు, రెండో కొస సీసాలో ముందే పోసిన కొద్దిపాటి కొత్త ఆయిల్‌లో మునిగి ఉండాలి. పైపును నిపిల్ నుంచి కాస్త పైకి వంచి తర్వాత సీసాలోకి దింపండి, అప్పుడు బుడగలు పైకి తేలి వెళ్లిపోతాయి. మొదట్లో వచ్చేది నల్లటి డికాషన్ రంగులో ఉంటుంది. ఒక్కో తొక్కుడుకు ఆ నలుపు పైపులో ముందుకు జరుగుతుంది, వెనక లేత పసుపు రంగు కనిపిస్తుంది. మీ బండిలో గాలి ఉంటే మధ్యలో ఆవగింజంత బుడగలు ఒకటీ అరా దొర్లుతూ వస్తాయి. రంగు పూర్తిగా మారి, బుడగ లేకుండా నాలుగైదు తొక్కుళ్లు వచ్చాక ఆ చక్రం అయినట్టు. వెనక ఎడమ చక్రానికి ఎక్కువ సమయం పడుతుంది, పైపు పొడవు కదా.

ఐదారు తొక్కుళ్లకు ఒకసారి లేచి వెళ్లి డబ్బా చూడండి. మిన్ గీత దాకా రాకముందే నింపండి. 'ఇంకో రెండు తొక్కుళ్లు చూద్దాం' అనే బద్ధకమే మిమ్మల్ని స్కానర్ దగ్గరికి పంపేది. వీలైతే పిల్లల్లో ఒకరిని డబ్బా దగ్గర నిలబెట్టి గీత మీద కన్నేసి ఉంచమనండి, ఆయిల్ మాత్రం ముట్టుకోనివ్వకండి. డబ్బా పక్క నుంచి ఒక సన్నని గొట్టం క్లచ్ వైపు పోతుంటే మీది హైడ్రాలిక్ క్లచ్. డబ్బా మరీ తగ్గితే ముందు గాలి పీల్చేది అదే, గేర్లు పడవు.

నిపిల్‌ను చివరికి బిగించేటప్పుడు బలం చూపించవద్దు. అది సన్నని బోలు స్క్రూ, పొట్టి పానాతో మణికట్టు బలం చాలు. గుడ్డతో తుడిచి, రబ్బరు టోపీ పెట్టండి. సాయం చేసేవారు లేనప్పుడు నిపిల్ తెరిచి పెట్టి, ఆయిల్ దానంతటదే బొట్టుబొట్టుగా కారనిచ్చే పద్ధతి ఉంది. చాలా నెమ్మది, కానీ నష్టం లేని పని. వ్యాక్యూమ్ పంపులతో లాగితే నిపిల్ మరల నుంచి గాలి చొరబడి, బుడగలు ఎప్పటికీ ఆగవు. లోపల గాలి ఉందేమోనని కంగారు పెడుతుంది. మీకు మనిషి సాయం ఉంది, ఇవేవీ వద్దు.

అయ్యాక ఇంజన్ ఆపి ఉండగానే తొక్కి చూడండి. పెడల్ పైనే గట్టిగా ఆగాలి. తొక్కి పట్టి ఇంజన్ ఆన్ చేస్తే ఒక అంగుళం లోపు దిగుతుంది, అది బూస్టర్ పని మొదలవడం, భయం లేదు. ఆ తర్వాత నిమిషం పాటు గట్టిగా పట్టి, ఇంకొకరు టార్చితో నాలుగు నిపిల్స్ చూడాలి. చక్రాల నట్లు బిగించి, వాకిట్లోనే నడిచే వేగంతో ముందుకు వెనక్కు ఆపి చూశాకే గేటు దాటండి. మొదటి రౌండు ఖాళీ రోడ్డు మీద, తెల్లవారుజామున. ఊరి బయట వెనక ఎవరూ లేరని చూసుకుని ముప్పై నలభై వేగంలో కంకర మీద గట్టిగా బ్రేక్ కొడితే ఏబీఎస్ దడదడలాడాలి. ఆ తర్వాత కూడా పెడల్ అంతే గట్టిగా ఉందంటే అయిపోయినట్టే. ఆ దడదడ తర్వాత మెత్తబడితే మాత్రం యూనిట్‌లో గాలి ఉన్నట్టు.

కొందరు ఇదే కంకర చిట్కాను మందులా వాడమంటారు. ఏబీఎస్‌ను నాలుగైదు సార్లు కొట్టించి, మళ్లీ గాలి తీస్తే స్కానర్ అవసరం లేదని. పెడల్ గట్టిగా ఉన్న బండికి ఇది పనికొస్తే పనికొస్తుంది. మెత్తగా ఉన్న పెడల్‌తో రోడ్డెక్కి ఏబీఎస్ కొట్టించడాన్ని నేను ఒప్పుకోను. ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ పరికరం కొన్నా లాభం లేదు, అది ఇంజన్ కోడ్లు చదువుతుంది గానీ ఏబీఎస్ పంపును తిప్పలేదు.

ఈ జవాబు చదివే ఇతరులకు ఒక మాట. స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్లు, బ్రేక్ ఒత్తిడిని కరెంటుతో పుట్టించే కొన్ని ఎలక్ట్రిక్ కార్లు ఉన్నవాళ్లు ఇదంతా తమకు కాదనుకోండి. వాటిలో తలుపు తీసినా పంపు లేచి ఒత్తిడి పెంచే రకాలున్నాయి, నిపిల్ దగ్గర చేయి పెట్టే ముందే స్కానర్ కావాలి.

తీసిన పాత ఆయిల్‌ను మోరీలో పోయకండి, నీళ్ల సీసాలో పోసి అటక మీద పెట్టకండి, అది విషం. మూత బిగించి పేరు రాసి, ఇంజన్ ఆయిల్‌తో కలపకుండా షాపులో ఇచ్చేయండి. కొత్తది పోసిన నెల, సంవత్సరం ఒక టేపు ముక్క మీద రాసి డబ్బాకు అంటించండి. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి, మీ మాన్యువల్‌లో ఉన్న గడువు చూసుకోండి. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులోనో మూడులోనో వేసి ఇంజన్‌తోనే పట్టించండి, బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచకుండా అవసరమైనప్పుడు గట్టిగా కొట్టి వదలండి.

ఇన్ని చేశాక కూడా పెడల్ స్పాంజిలా ఉందనుకోండి, లేదా మధ్యలో డబ్బా ఖాళీ అయిపోయిందనుకోండి. ఉన్న నాలుగు చక్రాలకూ మళ్లీ ఒక రౌండు గాలి తీసి చూడండి, తీసేటప్పుడు క్యాలిపర్లను సుత్తి పిడితో తట్టండి. అప్పటికీ అదే పరిస్థితి అయితే, మళ్లీ డబ్బా ఖాళీ కానివ్వకుండా అక్కడికి ఆపేయండి. బండిని నడుపుకుంటూ కాకుండా ఎత్తించి పంపండి. సర్వీస్ సెంటర్‌కైనా ఆటోనగర్‌కైనా పంపే ముందు ఫోన్‌లో ఒక్కటే అడగండి: 'మా మోడల్‌కు ఏబీఎస్ గాలి తీసే ఆప్షన్ మీ స్కానర్‌లో ఉందా?' 'స్కానర్ ఉంది' అన్న జవాబు సరిపోదు, చాలావాటికి కోడ్లు చదవడమే వస్తుంది. ఉందన్నచోట పని జరుగుతుంటే దగ్గర నిలబడండి, యూనిట్‌లో పంపు తిరిగే గర్రుమనే శబ్దం బయటికే వినిపిస్తుంది. ఆ శబ్దం రాకుండా పెడల్ మాత్రమే తొక్కుతుంటే, మీరు ఇంట్లో చేసిన పనికే డబ్బు కడుతున్నారు.